ఒళ్ళంతా నొప్పులు: కనబడని వ్యాధిని గుర్తించుట

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంత స్త్రీల మైత్రి సంయుక్త కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరములో మాట్లాడుమని పిలిచినప్పుడు సాధారణముగా దేవాలయముల నిర్మాణమును గూర్చి, బడులను గూర్చి, గతించిన దైవజనులను గూర్చి మాట్లాడుట వాడుక. వాటిని గూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సంచికలో ఉన్నారు. నేను వైద్య వృత్తిలో ఉన్నదానను గనుక, మన సంఘములలో ఎంతోమంది స్త్రీలు మోయుచున్న ఒక వ్యాధిని గూర్చి చెప్పదలచినాను. దాని పేరు ఫైబ్రోమయాల్జియా. పేరు కొత్తగా వినబడవచ్చును గాని, ఆ బాధ మీకెవరికీ కొత్తది కాదు.

మన పాలమూరు సీమలో సువార్తతో బాటు మందు కూడ వచ్చినది. మన పొరుగు సంఘమైన మెన్నొనైట్ బ్రదరన్ మిషను తరపున 1907లో ఇండియాకు వచ్చిన డాక్టరు కేథరీనా షెల్లెన్‌బర్గ్ నాగర్‌కర్నూలులోను, తరువాత శంషాబాదులోను సేవ చేసి, 1945లో ఈ నేలమీదనే కన్నుమూసినది. ఆ కాలములో నేటి రక్తపరీక్షలు లేవు. అట్టి లేడీ డాక్టర్ల వద్ద ఉన్న ముఖ్య సాధనము చెవి. వచ్చిన స్త్రీ చెప్పేది చివరివరకు వినుటయే సగము వైద్యము. నేను ఈ రోజు చెప్పబోయే వ్యాధికి నేటికిని అదే ముఖ్య సాధనము. ఈ వ్యాధిని పట్టి ఇచ్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని ఇంతవరకు లేదు.

నొప్పి ఎట్లుంటుంది?

మన ఊళ్ళలో స్త్రీలు డాక్టరు దగ్గరకు వచ్చి చెప్పే మాట ఒకటి కలదు: “ఒళ్ళంత గుంజుతున్నది, పానము ఎట్లనో అయితున్నది.” ఎక్కడ నొప్పి అని అడిగితే, మెడ అంటుంది, వెంటనే భుజము అంటుంది, నడుము అంటుంది, పిక్కలు అంటుంది. అడిగిన డాక్టరు విసిగి, “ఒక్కచోటు చెప్పమ్మా” అంటాడు. ఆమె చెప్పలేదు. ఎందుకనగా నిజముగానే ఒక్కచోట లేదు.

ఇది ఈ వ్యాధి మొదటి లక్షణము. శరీరమునకు కుడిపక్క, ఎడమపక్క, నడుముకు పైన, క్రింద, వెన్ను పొడుగునా నొప్పి ఉంటుంది. ఒకనాడు ఇక్కడ ఎక్కువ, మరునాడు అక్కడ ఎక్కువ. మూడు నెలలకు తక్కువ కాకుండ సాగుతుంది. చాలమందికి ఏండ్ల తరబడి సాగుతుంది.

రెండవది అలసట. ఇది పని చేసినందువలన వచ్చే అలసట వంటిది కాదు. పని చేసి అలసినవాడు పండుకొని లేస్తే తేరుకుంటాడు. వీరు ఎనిమిది గంటలు పండుకొన్నా రాత్రంతా బండ మోసినట్లు లేస్తారు.

మూడవది నిద్ర. కన్ను మూతపడినా నిద్ర పట్టినట్లుండదు. చిన్న చప్పుడుకు మెలకువ వస్తుంది.

నాలుగవది మతిమరుపు వంటి మబ్బు. పొయ్యిమీద పాలు పెట్టి మరచుట, చెప్పబోయే మాట నోటికి రాకపోవుట, సంఘము లెక్కలు వ్రాయుచు మధ్యలో తప్పిపోవుట. ఇది బుద్ధి తక్కువ వలన కాదు.

వీటికి తోడు తలనొప్పి, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, విరేచనము ఒకనాడు బిగిసి ఒకనాడు వదులగుట, చేతులు కాళ్ళు తిమ్మిర్లు, చలికి, పెద్ద చప్పుళ్ళకు, ఘాటైన వాసనలకు తట్టుకోలేకపోవుట కూడ ఉండవచ్చును. పసిపిల్ల ప్రేమతో మెడ పట్టుకొని వ్రేలాడినా కొందరికి నొప్పిగా ఉంటుంది. అట్టి తల్లి బిడ్డను విదిలించుకొని, తరువాత కూర్చుండి ఏడ్చుట కూడ జరుగుచుండును.

ఈ వ్యాధి స్త్రీలలో ఎక్కువగా కనబడుతుంది. అయితే పురుషులకు రాదనుకొనుట పొరపాటు. నొప్పి అని చెప్పుకొనుట నామోషీ అనుకొని మగవారు డాక్టరు దగ్గరకు పోరు. వివిధ దేశములలో వైద్యులు వేసిన అంచనాలు సుమారుగా నూటికి ఇద్దరు ముగ్గురని చెప్పుచున్నవి. అట్లయితే ఆదివారము ఆరాధనకు రెండువందలమంది వచ్చే దేవాలయములో ఈ బాధపడువారు నలుగురైదుగురు మన ప్రక్కనే కూర్చుండి పాటలు పాడుచుండవచ్చును.

ఇది ఎందుకు వస్తుంది?

మన కూటములలో మైకు సెట్టు చూచినారు కదా. బోధకుడు మెల్లగా మాట్లాడినా, పెట్టెమీద గుండీ పూర్తిగా తిప్పి పెడితే ఊరంతా హోరెత్తుతుంది. తప్పు బోధకుని గొంతులో లేదు, పెట్టెలో ఉన్నది. ఫైబ్రోమయాల్జియా కూడ దాదాపు అట్టిదే. కండరము పాడుకాలేదు, కీలు అరగలేదు, ఎముక విరగలేదు. శరీరమునుండి వెన్నుపాము ద్వారా మెదడునకు పోయే నొప్పి కబురు మార్గములో హెచ్చుతుంది. దానిని తగ్గించవలసిన నరముల ఏర్పాటు సరిగా పనిచేయదు.

ఇది కేవలము ఊహ కాదు. నొప్పి కబురును మోసే ‘సబ్‌స్టెన్స్ పి’ అనే పదార్థము ఈ రోగుల వెన్నుపాము నీటిలో ఇతరులకంటె ఎక్కువగా ఉన్నదని 1980ల చివర, 1990లలో జరిగిన పరీక్షలలో తేలినది. 2002లో అమెరికాలో గ్రేస్లీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు, బొటనవ్రేలి గోటిమీద ఒకే విధమైన ఒత్తిడి పెట్టి మెదడును స్కాను తీసి చూచినారు. ఆరోగ్యవంతులకు కొద్దిగా ఒత్తినట్లు మాత్రమే తెలిసిన ఆ ఒత్తిడికి, ఈ రోగుల మెదడులో నొప్పిని తెలుసుకొనే స్థలములు వెలిగినవి. అనగా ఆమె నటించుట లేదు. ఆమె చెప్పే నొప్పి ఆమె మెదడు నిజముగా అనుభవించుచున్న నొప్పి.

ఆ గుండీ ఎందుకు హెచ్చుగా తిరిగినది? అందరికీ ఒకే కారణము లేదు. కొన్ని కుటుంబములలో తల్లికి, కూతురికి కనబడుతుంది. కొందరికి ప్రమాదము తరువాత, కొందరికి విషజ్వరము తరువాత, కొందరికి కీళ్లవాతముతో బాటు వస్తుంది. దీర్ఘకాలపు దుఃఖము, భయము, నిద్రలేమి దానిని పెంచుతాయి. అంతమాత్రము చేత ఇది “మనసు రోగము” అని త్రోసివేయరాదు. రక్తపోటు కూడ చింతతో పెరుగుతుంది. దానిని మనము నటన అనము కదా.

పేరు ఎట్లు వచ్చినది?

1904లో ఇంగ్లండులో సర్ విలియం గోవర్స్ అనే వైద్యుడు నడుమునొప్పిని గూర్చి ఉపన్యసించుచు ‘ఫైబ్రోసైటిస్’ అనే మాట వాడినాడు. అనగా కండరముల నారలో వాపు అని అర్థము. అయితే తరువాత వెదకినవారికి ఆ వాపు కనబడలేదు. 1976లో ‘ఫైబ్రోమయాల్జియా’ అనే మాట వచ్చినది. నారలలో, కండరములలో నొప్పి అని మాత్రమే దాని భావము. 1990లో అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల కళాశాల గుర్తింపు నియమములు ఏర్పరచినది. ఆ నియమముల ప్రకారము శరీరమునందు 18 స్థలములలో వ్రేలితో సుమారు 4 కిలోల బరువంత ఒత్తి చూడవలెను. 11 చోట్ల నొప్పి పుట్టి, మూడు నెలలుగా ఒళ్ళంతా నొప్పి ఉంటే వ్యాధి ఉన్నట్లు.

ఈ పద్ధతిలో ఇబ్బంది వచ్చినది. ఎంత గట్టిగా ఒత్తవలెనో చాలమంది వైద్యులకు అలవాటు లేదు. పైగా అలసట, నిద్ర, మతిమరుపు అను వాటికి అందులో చోటు లేదు. కావున 2010లో కొత్త నియమములు వచ్చినవి, 2016లో వాటిని సరిదిద్దినారు. ఇప్పుడు వ్రేలితో ఒత్తి లెక్కించవలసిన నిర్బంధము లేదు. అడిగి, విని, లెక్క వేయవలెను.

గుర్తించు విధానము

ఇది కొంచెము లెక్క గనుక నెమ్మదిగా చెప్పుదును. నర్సులు, ఆశా కార్యకర్తలు, గురువుల భార్యలు దీనిని గుర్తుంచుకొంటే ఎంతో మేలు. అయితే వ్యాధి నిర్ణయము చేయవలసినవాడు డాక్టరే.

మొదట, గడచిన వారములో శరీరములో ఎక్కడెక్కడ నొప్పి పుట్టినదో అడగవలెను. 19 స్థలములు: రెండు భుజములు, రెండు పై చేతులు, రెండు ముంజేతులు, రెండు తుంటులు, రెండు తొడలు, రెండు పిక్కలు, రెండు దవడలు, ఇవి 14; మెడ, వీపు పైభాగము, నడుము, రొమ్ము, పొట్ట, ఇవి 5. నొప్పి ఉన్న ప్రతి స్థలమునకు ఒక మార్కు.

రెండవది, అలసట, తేరుకోని నిద్ర, మతి మబ్బు, ఈ మూడింటికి ఒక్కొక్కదానికి బాధ తీవ్రతనుబట్టి సున్న నుండి 3 వరకు మార్కులు. పిమ్మట గత ఆరు నెలలలో తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, మనసు క్రుంగుట, వీటిలో ఏది ఉన్నా ఒక్కొక్క మార్కు. అన్నీ కలిపి 12కు మించవు.

మొదటి లెక్క 7 లేక అంతకు మించి, రెండవ లెక్క 5 లేక అంతకు మించి ఉంటే వ్యాధి ఉన్నట్లు అనుకోవలెను. మొదటి లెక్క 4 నుండి 6 వరకే ఉంటే, రెండవ లెక్క 9 అయినా ఉండవలెను. దీనితో బాటు మరి రెండు షరతులు ఉన్నవి. శరీరమును ఎడమ పైభాగము, కుడి పైభాగము, ఎడమ క్రిందిభాగము, కుడి క్రిందిభాగము, మెడ వెన్ను నడుము అని అయిదుగా విభజిస్తే, కనీసము నాలుగింటిలో నొప్పి ఉండవలెను. ఇదంతా మూడు నెలలుగా దాదాపు ఒకే స్థాయిలో ఉండవలెను.

ఉదాహరణకు గద్వాల ప్రాంతములో సీడ్ పత్తి చేలలో క్రాసింగు పనికి పోయే ఒక తల్లిని ఊహించండి. సాయంకాలము మొగ్గలలోని పుప్పొడి భాగము గోటితో తీసివేయుట, మరునాడు ఉదయము మరో మొక్క పూవు తెచ్చి రుద్దుట, ఇట్లు గంటల తరబడి మెడ వంచి నిలబడే పని. ఆమెకు రెండు భుజములు, రెండు పై చేతులు, మెడ, వీపు, నడుము, రెండు తొడలు నొప్పి. లెక్క 9. అలసట 3, నిద్ర 2, మబ్బు 1, తలనొప్పి 1. లెక్క 7. అయిదు భాగములలోను నొప్పి ఉన్నది. నాలుగు నెలలైనది. ఈమెను “పని ఎగ్గొట్టుటకు చెప్పుచున్నది” అని పంపివేయుట న్యాయమా? అట్లని వెంటనే ఫైబ్రోమయాల్జియా అని చీటీ వ్రాసి ఊరుకొనుట కూడ న్యాయము కాదు. ఎందుకో చెప్పుదును.

మన నేలలో చూడవలసిన ఇతర వ్యాధులు

ఒళ్ళంతా నొప్పి పుట్టించే వ్యాధులు మరికొన్ని ఉన్నవి. వాటిలో చాల వాటికి సులువైన చికిత్స కలదు. వాటిని ముందుగా వెదకవలెను.

థైరాయిడు గ్రంథి మందగించినా ఒళ్ళునొప్పులు, అలసట, బరువు పెరుగుట ఉంటాయి. ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. రక్తహీనత మన స్త్రీలలో ఎంత ఎక్కువో మీకు తెలిసినదే. విటమిన్ డి తక్కువైతే ఎముకలు మెత్తబడి తుంటులు, తొడలు నొప్పి పుట్టి, క్రింద కూర్చుండి లేచుట కష్టమగును. ఎండలో పనిచేసే మనకు ఆ లోపము రాదనుకొందుము గాని, తిరుపతి స్విమ్స్ వైద్యులు జరిపిన పరిశీలనలలో పొలము పనిచేసే పల్లె ప్రజలలో కూడ అది కనబడినది.

కీళ్లవాతమైతే వ్రేళ్ళ కణుపులు, మణికట్లు వాచి, వెచ్చగా ఉండి, ఉదయము గంటకు పైగా బిగుసుకొని ఉంటాయి. ఫైబ్రోమయాల్జియాలో బిగువు ఉండవచ్చును గాని కీలు వాయదు. 2006లో మన రాష్ట్రమంతా చికున్‌గున్యా వ్యాపించినప్పుడు జ్వరము తగ్గినా నెలల తరబడి కీళ్ళు పట్టివేసిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. కొలెస్ట్రాలు తగ్గుటకు వాడే కొన్ని మాత్రలు కూడ కండరముల నొప్పి తెస్తాయి. కావున వాడుచున్న మందులన్నీ డాక్టరుకు చూపవలెను.

ఫ్లోరైడు సంగతి వేరుగా చెప్పవలెను. బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు చెడే ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, అనగా నేటి ప్రకాశం జిల్లా ప్రాంతములో, వైద్యులు మొదట వర్ణించినారు. తరువాత నల్లగొండ పేరు దానితో ముడిపడిపోయినది. పాలమూరు జిల్లాలో కూడ అట్టి నీళ్ళున్న గ్రామములు ఉన్నవి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. ఇప్పుడు నల్లాల ద్వారా నదీజలము వచ్చినను, చిన్ననాట ఇరవై ముప్పది ఏండ్లు ఆ బోరునీళ్ళు త్రాగినవారి ఎముకలలో చేరినది వెంటనే పోదు. పండ్లమీద గోధుమరంగు చారలున్నవా? గడ్డము రొమ్మునకు ఆనించగలరా? రెండు చేతులు తలవెనుక పెట్టుకోగలరా? వంగి నేలమీది నాణెము తీయగలరా? వీటిని చూడవలెను. ఫైబ్రోమయాల్జియాలో వంగితే నొప్పి పుట్టును గాని మెడ, వెన్ను కట్టెవలె బిగుసుకొనిపోవు. సందేహముంటే ఎక్స్‌రే తీయించవలెను.

ఇక ఏ మాత్రము ఆలస్యము చేయకూడని గుర్తులు: జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, వెన్నులో ఒక్కచోట తీవ్రమైన నొప్పి, కీళ్ళ వాపు, కాళ్ళలో బలము తగ్గుట, మూత్రము మీద అదుపు తప్పుట, ఏబది ఏండ్లు దాటిన తరువాత కొత్తగా మొదలైన తీవ్రమైన నొప్పి. ఇవి వెన్ను క్షయ, క్యాన్సరు, నరముల ఒత్తిడి మొదలగువాటికి గుర్తులు కావచ్చును. అట్టివారిని ఆ రోజే ఆసుపత్రికి పంపవలెను.

మరి ఒక సంగతి. ఈ వ్యాధులలో ఒకటి ఉన్నంతమాత్రాన ఫైబ్రోమయాల్జియా లేదని అనరాదు. రెండూ ఒక్క మనిషిలో ఉండవచ్చును. 2016 నియమములు ఆ మాట స్పష్టముగా చెప్పుచున్నవి. థైరాయిడు మాత్రతో థైరాయిడు సరియైనా నొప్పులు తగ్గకపోతే మరల వెదకవలెను.

తప్పుదారులు

పేరు తెలియని నొప్పికి మన ఊళ్ళలో జరిగే వైద్యము మీరెరుగుదురు. మొదట గోలీలు, తరువాత సూది, తరువాత గ్లూకోజు సీసా. కొన్ని సూదులలో స్టిరాయిడు ఉంటుంది. వేసిన రెండు దినములు ప్రాణము లేచివచ్చినట్లుంటుంది. అయితే ఫైబ్రోమయాల్జియాకు స్టిరాయిడు పనిచేయదు. మాటిమాటికి వేయించుకొంటే చక్కెర వ్యాధి, ఎముకల బలహీనత, ముఖము ఉబ్బుట తెచ్చిపెట్టును. నొప్పి గోలీలు ఏండ్ల తరబడి మ్రింగితే కడుపులో పుండ్లు పడి, మూత్రపిండములు చెడిపోవును.

ఇంతకంటె దుఃఖకరమైనది ఒకటున్నది. నడుమునొప్పి, పొత్తికడుపు నొప్పి అని పోయిన స్త్రీకి గర్భసంచి తీసివేయుట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో గర్భసంచి తొలగింపు ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్నవి. ఆ ఆపరేషను అవసరమైనవారు లేకపోలేదు. కాని నొప్పి కారణము నరముల మార్గములో ఉండగా గర్భసంచి తీసినందువలన అది పోదు. నలుబది నిండకముందే ఆపరేషను చేయించుకొని, అప్పు తీర్చుటకు అదే నొప్పితో కూలికి పోయే సోదరీమణులు మన గ్రామములలో ఉన్నారు. రెండవ డాక్టరు అభిప్రాయము తీసుకొనకుండ ఎవరును ఈ ఆపరేషనుకు ఒప్పుకోవద్దని బ్రతిమాలుచున్నాను.

ఇంక తాయెత్తులు, గాలి సోకినదనుట, చేతబడి అనుట. ఇవి మన విశ్వాసమునకు తగవని అందరము ఒప్పుకొందుము. కాని మనలోనే మరొక మాట ఉన్నది: “నీ ప్రార్థనలో బలము లేదు, దాచిన పాపమేదో ఉన్నది.” యోబు స్నేహితులు ఆయన బూడిదలో కూర్చుండగా వచ్చి ఏడు దినములు మాట్లాడక ప్రక్కన కూర్చున్నారు. అంతవరకు వారు మంచి స్నేహితులు. నోరు తెరచి నీ బాధకు నీ పాపమే కారణమన్నప్పుడు వారు తప్పినారు. దేవుడు కోపించినది వారిమీద గాని, మొరపెట్టిన యోబుమీద కాదు.

ఏమి చేయవలెను?

ఈ వ్యాధి ప్రాణము తీయదు, అంగవైకల్యము తేదు. పూర్తిగా పోవుట అరుదే గాని, చాలమందికి తగ్గించుకొని బ్రదుకుట సాధ్యము. మొదటి మందు పేరు చెప్పుట. “నీకు ఉన్నది ఫలానా వ్యాధి, ఇది నిజమైనది, ప్రాణాపాయము లేదు” అన్న మాటతోనే సగము భయము తీరును. ఆసుపత్రుల చుట్టు తిరుగుట, పరీక్షలు మరల మరల చేయించుట తగ్గును.

రెండవది వ్యాయామము. ఐరోపా కీళ్లవ్యాధుల వైద్య సంఘము తన సలహాలను 2016లో తిరిగి పరిశీలించి, అన్ని చికిత్సలలోను గట్టిగా సిఫారసు చేసినది దీనినొక్కటినే. ఇది విని మా స్త్రీలు నవ్వుతారు: “పొద్దంతా చేనులో ఒంగుడే కదా, ఇంకేమి వ్యాయామము?” ఆ ప్రశ్న న్యాయమైనది. కాని వంగి ఒకే తీరున గంటలు చేసే పని వ్యాయామము కాదు, అది ఒత్తిడి. రాజోలిలోను, అమరచింతలోను మగ్గము గుంటలో కూర్చుండి నేసేవారికి కూడ అంతే. వారికి కావలసినది నడుము నిలిపి, చేతులు వదిలి, తనకు తగిన వేగముతో నడచుట. మొదట పది నిమిషములు, వారమునకు కొంచెము పెంచుచు అరగంట వరకు. మొదటి దినములలో నొప్పి కొంచెము హెచ్చవచ్చును. దానికి భయపడి మానరాదు, మొండిపట్టుగా ఒక్కసారి ఎక్కువ చేయరాదు. పనిలో కూడ అరగంటకొకసారి నిలువుగా నిలబడి భుజములు త్రిప్పవలెను. బాగున్న రోజున మూడు రోజుల పని చేసి, మరునాటినుండి మూడు రోజులు పడకబట్టుట ఈ రోగుల అలవాటు. దానిని మానుకోవలెను.

మూడవది నిద్ర. ఒకే వేళకు పండుకొనుట, లేచుట. సాయంకాలము తరువాత టీ మానుట. ప్రక్కలోకి సెల్లుఫోను తీసుకొనకుండుట.

నాలుగవది మందులు. అమిట్రిప్టిలిన్ రాత్రివేళ చిన్న మోతాదులో, డులోక్సెటిన్, ప్రిగాబలిన్ అనే మందులు కొందరికి మేలుచేయును. వీటిని డాక్టరే నిర్ణయించవలెను. వీటిలో కొన్నింటిని మానసిక వ్యాధులకు కూడ వాడుదురు. ఆ కారణముగా “నన్ను పిచ్చిదానినన్నారు” అని మందు పారవేయవద్దు. ఇవి నొప్పి గుండీని తగ్గించుటకు ఇచ్చినవి.

మనసు చాల క్రుంగినప్పుడు, చావు తలంపులు వచ్చినప్పుడు సిగ్గుపడక చెప్పవలెను. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత ఫోను సహాయము 14416 నంబరులో తెలుగులోనే దొరుకును.

ఎక్కడికి పోవలెనని మీరడుగుదురు. ఒకప్పుడు అన్నింటికి కర్నూలు లేక హైదరాబాదు బస్సు ఎక్కవలసి వచ్చేది. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వాటికి చేరిన ఆసుపత్రులలో జనరల్ మెడిసిన్ డాక్టరును మొదట చూడవలెను. ఆయన అవసరమనుకొంటే హైదరాబాదు నిమ్స్‌లోని కీళ్లవ్యాధుల విభాగమునకు పంపగలడు. పోయేటప్పుడు ఒక కాగితముమీద నొప్పి ఉన్న స్థలములు, ఎన్నాళ్ళుగా ఉన్నది, నిద్ర ఎట్లున్నది, ఏ గోలీలు వాడినారు అని వ్రాసుకొని పోవలెను. డాక్టరుకు ఉన్న సమయము కొద్ది. ఆ కాగితము మీ తరపున మాట్లాడును.

సంఘము చేయవలసినది

స్త్రీల మైత్రికి నాదొక మనవి. గృహ దర్శనములకు పోయినప్పుడు “ఎట్లున్నావు?” అని అడిగి, జవాబు రాకముందే ప్రార్థనకు కన్నులు మూయవద్దు. పది నిమిషములు వినండి. నొప్పి లెక్క నేను చెప్పినట్లు కాగితముమీద వేయండి. ఆసుపత్రికి ఒంటరిగా పంపక ఒకరు తోడుపోండి. ఉదయకాల ప్రార్థనకు నడచి వచ్చే నలుగురైదుగురు కలిసి పోతే, అదే వ్యాయామమగును, సహవాసమును అగును.

భర్తలకు, అత్తలకు, కొడుకులకు ఒక మాట. కట్టు లేదు, వాపు లేదు, జ్వరము లేదు గనుక ఆమెకు నొప్పి లేదని తీర్పు చెప్పవద్దు. రెండు బిందెల నీళ్ళు మీరు తెచ్చినందువలన మీ గౌరవము తగ్గదు.

గురువులకు కూడ వినయముతో ఒక మాట. స్వస్థత కొరకు ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి. స్వస్థత వెంటనే రానప్పుడు ఆమె విశ్వాసమును తూకము వేయవద్దు. పన్నెండేండ్లు వ్యాధితో తిరిగి, ఎందరో వైద్యుల చేతులలో ఉన్నదంతా పోగొట్టుకొన్న స్త్రీ సంగతి మనకు సువార్తలో ఉన్నది. ఆమె గుంపులో వెనుకనుండి వచ్చి ఎవరికీ తెలియక పోదలచినది. ప్రభువు ఆమెను అట్లు పోనీయలేదు. తొందరపెట్టే జనమును, ఎదురుచూచే అధికారిని నిలిపి, ఆమె తన సంగతి అంతయు చెప్పువరకు ఆగినాడు. ఆ తరువాతనే ఆమెను కుమార్తె అని పిలిచినాడు.

మన సంఘమునకు నూరేండ్లు నిండినవి. రానున్న కాలములో మన దేవాలయములకు వచ్చే ఏ స్త్రీయు తన నొప్పిని నిరూపించుకొనవలసిన అగత్యము లేని స్థలముగా మన సంఘములను ప్రభువు చేయును గాక.  ఆమేన్.